ఏడు వరుసల చీటీ

ఆ రోజు పొద్దున ఆకాశం వానకు సిద్ధపడి, మళ్ళీ ఎందుకో మానుకుంది. మబ్బు ఉంది, చినుకు లేదు. గాలి మిల్లు రేకుల మీద రెండు మూడుసార్లు చెయ్యి వేసి చూసి ఊరుకుంది. అలాంటి పూట తడి చెక్క రంపానికి అంటుకుంటుంది. అందుకని ఎండు దుంగలు ముందుకు దొర్లించుకుంటున్నాం. నర్సమ్మ అప్పుడు వచ్చింది.

మాది కోత మిల్లు. మాది అంటే మేము పనిచేసేది. ఒక దుంగ చెక్కలు కావాలంటే అయిదుగురు కావాలి. మా జట్టులో ఆ అయిదుగురూ ఒక ఇంటివాళ్ళే. మా మామ ఆకురాయితో రంపం పళ్ళకు పదును పెడతాడు. ఆయన కొడుకు, అంటే నా భార్యకు అన్న, రంపం ముందు నిలబడి దుంగను తోస్తాడు. ఆయన నాకు బావ, ఆయనకు నేనూ బావనే. బావ భార్యను నేను అక్కా అంటాను. ఆమె సుద్ద పూసిన దారం లాగి కొట్టి దుంగ మీద గీతలు వేస్తుంది. రంపానికి అవతలి పక్క నేను నిలబడి, తెగి వచ్చిన చెక్కను లాగుతాను. నా భార్య వాటికి గాలి ఆడేలా మధ్యలో పుల్లలు పెట్టి దొంతర పేరుస్తుంది.

రంపం తిరుగుతున్నంతసేపూ మాట వినబడదు. నేను చెయ్యి ఎత్తితే తొయ్యమని. పిడికిలి బిగిస్తే ఆపమని. పద్దెనిమిదేళ్ళుగా బావా నేనూ ఆ రెండు మాటలతోనే నెట్టుకొచ్చాం. అవి సరిపోని రోజు ఒక్కటే వచ్చింది, రెండు నెలల కింద.

ఆ రోజు దుంగ సగంలో బిగుసుకుంది. నేను పిడికిలి బిగించాను. బావ అది చూసేలోగా ఒక్క తోపు తోశాడు. చెక్క ఎగిరింది. నా ఎడమ చెయ్యి చిటికెన వేలు చివర, గోరు ఉండేంత మేర, పోయింది. కట్టు కట్టారు. పది రోజులకు మళ్ళీ పనిలోకి వచ్చాను. పొట్టి వేలికి నేను అలవాటు పడ్డాను. బావ పడలేదు.

అప్పటినుంచి మనిషి నవ్వడం మానేశాడు. అంతకుముందు కూడా పెద్దగా నవ్వేవాడు కాదు గానీ, మానేశాడని తెలిసిపోయేది. పొద్దున లేవాలంటే అక్క మూడుసార్లు పిలవాలి. లేచి కూడా మంచం అంచున కూర్చుని కాళ్ళ వైపు చూసుకునేవాడు, అవి తనవేనా అన్నట్టు. రంపం ముందు నిలబడితే నేను చెయ్యి ఎత్తినా తోసేవాడు కాదు. తోస్తే గీత తప్పేది. రోజుకు ఇరవై దుంగలు కోసే చోట పది దగ్గర ఆగిపోతున్నాం. ఏమైందిరా అని మామ అడిగితే ఏం లేదు అన్నాడు. ఏమైందో అందరికీ తెలుసు కాబట్టి రెండోసారి ఎవరూ అడగలేదు. నేను మొదటిసారి కూడా అడగలేదు.

నర్సమ్మ నెలకోసారి వచ్చి పనివాళ్ళను చూసి, పుస్తకంలో సంతకం పెట్టి పోతుంది. బావ చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. కనురెప్పలు లాగి చూసింది. నాలుక చాపమంది. బావ చాపాడు. ఇక చాలని ఆమె చెప్పేదాకా అలాగే ఉంచాడు.

"ఒంట్లో ఏమీ లేదు," అంది నర్సమ్మ మేస్త్రితో. "గుండె బాగుంది, రక్తం బాగుంది. మనిషిలో హుషారు లేదు."

"హుషారుకి సూది ఉందా?" అన్నాడు మేస్త్రి.

"లేదు."

"మాత్ర?"

"అంతదాకా వస్తే పెద్ద డాక్టరు దగ్గరికి పంపిస్తాను. ముందు అలవాట్లు మార్చి చూద్దాం."

మేస్త్రి చెడ్డవాడు కాదు. మిల్లులో ఏది జరిగినా యజమాని ముందు తనే నిలబడాలి, అంతే. "చూడండి నర్సమ్మా, మనసెక్కడో పెట్టుకున్న మనిషిని రంపం ముందు నిలబెట్టలేను. మొన్న వేలు పోయింది. రేపు చెయ్యి పోతే నేనెవరికి చెప్పుకోను?" అన్నాడు. అంటూ నా వేలు వైపు చూశాడు. నేను దాన్ని జేబులో పెట్టుకున్నాను.

చివరికి తేలింది ఇది. నెల గడువు. నెల తర్వాత నర్సమ్మ వచ్చి బావ దుంగ కొయ్యడం కళ్ళారా చూస్తుంది. ఆమె సంతకం పెడితే రంపం ముందు ఉంటాడు. లేకపోతే పొట్టు గుంటలోకి పోతాడు. రంపం కింద పొట్టు రాలే గుంట అది. దిగి పారతో గోతాల్లోకి ఎత్తాలి. రోజంతా ముక్కుకి గుడ్డ కట్టుకుని, పైన వేరేవాడు దుంగ కోస్తుంటే ఆ పొట్టు నెత్తిన పోయించుకోవాలి. పద్దెనిమిదేళ్ళు ఆ రంపాన్ని ఆడించినవాడికి.

నర్సమ్మ సంచిలోంచి అచ్చు కాగితం ఒకటి తీసింది. బావ చెయ్యి చాపలేదు. అందుకని మామకు ఇచ్చింది.

"ఇందులో ఏడున్నాయి పెద్దాయనా. ఏడూ రోజూ జరగాలి. ఒక్కటి కూడా తప్పకూడదు."

"జరుగుతాయి," అన్నాడు మామ.

ఇక్కడ మా మిల్లు పద్ధతి చెప్పాలి. ఏ ఆర్డరు వచ్చినా చీటీ మీద వస్తుంది. వరుసకో పని రాసి ఉంటుంది. మామ దాన్ని స్తంభానికి మేకుతో కొట్టి, పైకి చదివి, ఒక్కో వరుస ఒక్కొక్కరికి అప్పజెపుతాడు. ఎవరి వరుస వాళ్ళు చేసి పక్కన సుద్ద గీత పెట్టాలి. ఒకరి వరుసలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. అన్ని గీతలూ పడితే ఆర్డరు పూర్తయినట్టు. మామ నలభై ఏళ్ళలో చీటీ అన్నదాన్ని ఇంకో విధంగా చూసి ఎరగడు.

ఆ సాయంత్రం వంటింటి గోడకు నర్సమ్మ కాగితాన్ని మేకుతో కొట్టాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మేము జట్టుగా నిలబడ్డాం.

"ఒకటి. పొద్దున లేవగానే పది నిమిషాలు ఎండలో కూర్చోవాలి. ఇది నేను చూసుకుంటాను. నా మోకాళ్ళు ఎలాగూ కాగాలి."



"రెండు. లేవగానే గ్లాసుడు నీళ్ళు, ఆ తర్వాత పూటంతా కొంచెం కొంచెంగా."

"నేను తాగుతాను," అంది నా భార్య.

"మూడు. రోజూ అరగంట చురుగ్గా నడవాలి. ఇది కోడలు పిల్లకి."

"నేను పొద్దస్తమానం నడుస్తూనే ఉన్నాగా మామయ్యా," అంది అక్క.

"అది పని నడక. ఇది ఉత్త నడక. వేరే రాశారు చూడు."

"సరే, రాసుకోండి."

"నాలుగు. పని మొదలెట్టే ముందు రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని, నిదానంగా ఊపిరి తీసి వదలాలి." మామ కళ్ళజోడు మీదనుంచి నన్ను చూశాడు. "అల్లుడు ఎలాగూ మాట్లాడడు. ఊపిరి మిగిలే ఉంటుంది."

నేను తలూపాను.

"అయిదు. రోజుకొక మంచి సంగతి పుస్తకంలో రాయాలి. ఇదీ అల్లుడికే. మనలో చేతిరాత కుదిరింది అతనికే. ఆరు. పని సంగతి కాకుండా ఇంకేదైనా ఎవరితోనైనా కాసేపు మాట్లాడాలి."

"అది నాకిచ్చేయండి నాన్నా. కొత్తగా నేర్చుకునేదేం లేదు," అంది నా భార్య.

"ఏడు. రోజూ ఒకే వేళకి, ఫోను అవతల పెట్టి పడుకోవాలి." మామ కాగితం మీదనుంచి చెయ్యి తీసి కొడుకు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. "ఒంట్లో ఓపిక లేనివాడు. పాపం, తేలికది వాడికే ఇద్దాం."

"సరే," అన్నాడు బావ. ఆ రోజు మొత్తానికి బావ అన్న మాట అదొక్కటే.

నాకు ఎక్కడో తేడా కొట్టింది. కానీ చీటీ పంచడం అయిపోయాక నోరు విప్పడం మాలో పద్ధతి కాదు.

మర్నాటినుంచి ఏడూ జరిగాయి. ఒక్కటి తప్పలేదు. మామ పెరట్లో రెండు మొద్దుల మీద చెక్క వేసుకుని, తూర్పుకి తిరిగి, లుంగీ మోకాళ్ళ పైకి లాక్కుని కూర్చునేవాడు. వారం తిరిగేసరికి చేతికర్ర మూలన పెట్టేశాడు. అక్క కాలువ గట్టు మీద తూము దాకా నడిచి వచ్చేది. మొదట్లో విసుక్కుంటూ పోయింది. పదో రోజున దారం కొడుతూ కూనిరాగం తీసింది. ఈ ఇంటికి నేను అల్లుడినై పద్దెనిమిదేళ్ళు. అక్క కూనిరాగం అదే వినడం. నా భార్య నీళ్ళు తాగీ తాగీ మొహం నిగనిగలాడింది. మధ్యమధ్య దొంతర వదిలేసి పెరట్లోకి పరిగెత్తేది, అంతే నష్టం. ఆరో వరుస కింద ఆమె మాట్లాడిన సంగతులు ఇక్కడ రాస్తే కాగితం చాలదు.

నేను ఊపిరి పీల్చాను. మంచి సంగతి రాశాను. మొదటి రోజు "దుంగలో తొర్ర లేదు" అని రాశాను. రెండో రోజు "మేస్త్రి రాలేదు." తర్వాత అలాంటివి అయిపోయాయి. వెతుక్కోవలసి వచ్చింది. అయిదో రోజున మిల్లు గేటు గొళ్ళెంలో ఒక సాలీడు గూడు కట్టుకోవడం, వాచ్‌మన్ దాన్ని చెదరగొట్టకుండా గేటుని తాడుతో కట్టడం రాశాను. ఆ గేటు దాటి రోజూ నాలుగుసార్లు పోతాను, వస్తాను. రాయవలసి రాకపోతే చూసేవాణ్ణి కాదు.

బావ ఎనిమిదికి పడుకునేవాడు. ఏడో వరుస పక్కన రోజూ తనే గీత పెట్టి మరీ పోయేవాడు. పడుకుని గోడ వైపు తిరిగేవాడు. పొద్దున అక్క ఇప్పుడు నాలుగుసార్లు పిలవాల్సి వస్తోంది. పది దుంగలు తొమ్మిదయ్యాయి.

"ఇంటిల్లిపాదీ బాగుపడ్డాం. వీడికే ఏమీ పట్టడం లేదు," అన్నాడు మామ ఒక సాయంత్రం. ఆయన గొంతులో కొంచెం కోపం కూడా ఉంది.

పదిహేనో రోజున మేస్త్రి మెడ మీద సెగగడ్డ లేస్తే నర్సమ్మ దాన్ని చూడ్డానికి వచ్చింది. మా ఇల్లు మిల్లు వెనకే. మామ ఆమెను బలవంతంగా వంటింట్లోకి తీసుకొచ్చి గోడ చూపించాడు. చీటీ పక్కన ఏడు వరుసల్లో పదిహేనేసి సుద్ద గీతలు, పలక మీద దిద్దినట్టున్నాయి.

"భలే," అంది నర్సమ్మ. "నేను చీటీలిచ్చిన ఏ ఇంట్లోనూ మూడు రోజులు దాటలేదు. కొడుకుని దగ్గరుండి నడిపిస్తున్నారన్నమాట."

"వాణ్ణి నడిపించడం ఎందుకమ్మా? నడక కోడలిది."

నర్సమ్మ సంచి భుజం మార్చుకుంది. "కోడలిది అంటే?"

"మూడోది కోడలిది. ఎండ నాది. నీళ్ళూ మాటలూ అమ్మాయివి. ఊపిరీ రాతా అల్లుడివి. వాడికి నిద్ర."

ఆమె మళ్ళీ గోడ వైపు తిరిగింది. ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ పైనుంచి కిందికి వచ్చింది. ఏడో దాని దగ్గర వేలు ఆగిపోయింది.

"పెద్దాయనా. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే మందు ఎవరు మింగుతారు?"

"జ్వరం వచ్చినవాళ్ళే. మీరు మందు అనలేదు కదమ్మా. చీటీ ఇచ్చారు. ఏడూ రోజూ జరగాలన్నారు. జరుగుతున్నాయి."

"అయితే నేను తాగిన నీళ్ళు అన్నయ్యకి ఏమీ పనిచెయ్యలేదంటారా?" అంది నా భార్య. నిజంగానే అడిగింది.

"మీ నీళ్ళు మీకే పనిచేశాయమ్మా," అంది నర్సమ్మ. బావ వైపు తిరిగింది. "నీకైనా అనిపించలేదా బాబూ?"

"నా వరుస నేను చేశాను," అన్నాడు బావ.

నర్సమ్మ నవ్వలేదు. నవ్వుని ఎక్కడో నొక్కి పట్టిందని ఆమె చెవులు ఎర్రబడడం చూసి నేననుకున్నాను. కలం తీసి చీటీ పైన పెద్ద అక్షరాలతో "ఒక్కడే" అని రాసి, కింద రెండు గీతలు గీసింది. గడువు మాత్రం పెంచలేదు. "నెలన్నాను. పదిహేను రోజులు మీరే మింగేశారు. ఇంకా పదిహేనున్నాయి," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మామ తడిగుడ్డతో సుద్ద గీతలన్నీ తుడిచేశాడు. ఏడూ బావకే అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ ఎవరి వరుస వాళ్ళు వదులుకోవాల్సి వచ్చేసరికి ఇంట్లో గొడవ మొదలైంది.

"నడక నేను మాననంటే మానను," అంది అక్క. "కావాలంటే వెనకాల రమ్మనండి."

"ఎండ అందరిదీ. ఒకడొచ్చాడని నేనెందుకు లేవాలి?" అన్నాడు మామ.

అందుకని బావ ఏ పని చేసినా పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. మొదటి రోజు పొద్దున అక్క ఇంక పిలవలేదు. నిండు నీళ్ళ బకెట్ తెచ్చి మంచం పక్కన పెట్టి ఊరుకుంది. బావ లేచాడు. నీళ్ళు తాగాడు. పెరట్లోకి వెళ్ళి మామ పక్కన నిలబడ్డాడు.

"జరగండి నాన్నా."

మామ జానెడు జరిగాడు. చెక్క పొడవు నాలుగు జానలు. ఇద్దరూ తూర్పుకి తిరిగి, రైలు కోసం చూస్తున్నవాళ్ళలా కూర్చున్నారు. పది నిమిషాలయ్యాక మామ లేచి "అయిపోయింది" అన్నాడు. అంతే.

నడకకు అక్క ముందు, బావ వెనక. నేను మిల్లు గేటు దగ్గరనుంచి చూసేవాణ్ణి. మొదటి రోజు ఇద్దరి మధ్య ఒక లారీ పట్టేది.

"నడుస్తున్నావా, కాలువలో కొట్టుకొస్తున్నావా?" అని అక్క వెనక్కి తిరగకుండానే అడిగేది.

"వస్తున్నా."

"వచ్చేవాళ్ళు అలా ఉండరు."

ఆరో రోజుకి మధ్యలో ఎడ్లబండి పట్టేంత మిగిలింది. తొమ్మిదో రోజున ఇద్దరూ పక్కపక్కన వచ్చారు. అక్క చేతులు ఊపుతూ ఏదో చెబుతోంది. బావ మధ్యలో ఒకసారి "ఊ" అనడం పెదాల కదలికను బట్టి తెలిసింది.

ఊపిరి వరుస రంపం పక్కనే. బావా నేనూ ఎదురెదురు మొద్దుల మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాం. మేస్త్రి చూసి, పొద్దున్నే కునుకేమిటని కేకలేస్తూ వచ్చాడు.

"నిద్ర కాదు, ఊపిరి పీలుస్తున్నారు," అంది నా భార్య.

"ఇన్నాళ్ళూ పీల్చడం లేదా?" అన్నాడు మేస్త్రి. కానీ రెండు నిమిషాలూ అక్కడే నిలబడ్డాడు. మేము కళ్ళు తెరిచేసరికి ఆయన కూడా పొట్ట బిగబట్టి ఉన్నాడు.

పుస్తకంలో బావ మొదటి రోజు "ఏమీ లేదు" అని రాశాడు. రెండో రోజు "నిన్నటిదే" అని రాశాడు. మూడో రోజు "నీళ్ళు చల్లగా ఉన్నాయి." అయిదో రోజున "నాన్న ఇవాళ రెండు జానలు జరిగాడు." అది చదివి పుస్తకం మూసి యథాస్థానంలో పెట్టేశాను.

చిక్కల్లా ఆరో వరుసతో వచ్చింది. పని సంగతి కాకుండా ఇంకేదైనా మాట్లాడాలి. నా భార్యతో మాట్లాడితే బావకు వంతు రాదు. మామతో మాట్లాడితే తిట్లతో సరి. అక్క నడకలో తనే మాట్లాడేస్తుంది. అందుకని నేను మిగిలాను. పద్దెనిమిదేళ్ళు చెయ్యెత్తడం, పిడికిలి బిగించడం తప్ప ఎరగని ఇద్దరం పొద్దున్నే కుళాయి దగ్గర నిలబడ్డాం.

"మబ్బు పట్టింది," అన్నాడు బావ.

"పట్టింది," అన్నాను.

వెళ్ళి గీత పెట్టుకున్నాడు. మర్నాడు "మబ్బు పోయింది" అన్నాడు. "పోయింది" అన్నాను. గీత. మూడో రోజున మేస్త్రి గడ్డ చితికిందన్నాడు. అది పని సంగతి కిందికి వస్తుందా రాదా అని కాసేపు ఆలోచించి, రాదనుకున్నాం.

ఏడో రోజున కుళాయికి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. బిందె నిండడానికి చాలాసేపు పట్టేట్టుంది. బావ బిందెలోకే చూస్తూ అడిగాడు.

"వేలు నొప్పిగా ఉంటోందా?"

"అది పని సంగతి కదా," అన్నాను.

"వేలు పని కాదు బావా."

నేను ఆలోచించాను. నిజమే అనిపించింది. "చలికి కొంచెం లాగుతుంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి ముందు కష్టమయ్యేది, ఇప్పుడు లేదు."

బిందె సగానికి వచ్చింది.

"నా మీద కోపం వచ్చిందా?"

"వచ్చింది."

"ఎప్పటిదాకా ఉంది?"

"ఆ సాయంత్రం దాకా."

బావ తల ఎత్తాడు. "ఏ సాయంత్రం?"

"వేలు పోయిన రోజు సాయంత్రం. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చేసరికి నువ్వు గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నావు. మొహం చూశాను. పోయింది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేం బావా?"

"నువ్వడగలేదు."

బిందె నిండి పొర్లింది. ఇద్దరిలో ఎవరూ కుళాయి కట్టలేదు. నీళ్ళు మా కాళ్ళ కిందనుంచి కాలిబాట దాకా పోయాయి. వంటింటి కిటికీలోంచి నా భార్య "నీళ్ళు పోతున్నాయి, కళ్ళు పోయాయా ఇద్దరికీ?" అంది. బావ కుళాయి కట్టాడు. బిందె ఎత్తుకుని లోపలికి పోయాడు. ఆ రోజు ఆరో వరుస పక్కన గీత పెట్టడం మరిచిపోయాడు. మామ చూసి గోల చేస్తే, నాతో మాట్లాడాడని, తను విన్నానని నా భార్య సాక్ష్యం చెప్పింది. ఏం మాట్లాడారని మామ అడిగాడు. వినబడలేదంది. ఆమె అబద్ధం చెప్పడం అరుదు, చెబితే బాగా చెబుతుంది.

దీంతో బావ ఒక్కసారిగా మారిపోయాడని చెప్పను. ఒకటి, రెండు, మూడు అని ఏడూ చేసుకుంటూ పోయాడు. దుంగలు పన్నెండయ్యాయి, పద్నాలుగయ్యాయి. గీత తప్పడం తగ్గింది. కానీ నేను చెయ్యి ఎత్తినప్పుడు ఇంకా ఒక్క క్షణం ఆగేవాడు. నా రెండు చేతులూ ఎక్కడున్నాయో చూసుకుని అప్పుడు తోసేవాడు. మేస్త్రి ఆ ఆగడం చూస్తూనే ఉన్నాడు.

నెల నిండిన రోజున నర్సమ్మ వచ్చింది. మేస్త్రి పుస్తకం పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు. గుంట గట్టు మీద ఒక కొత్త పార, దానికి ఆనించి గోతాల కట్ట. ఎవరు పెట్టారో అడగలేదు. మామ రంపం పళ్ళకు ఆ పొద్దున రెండుసార్లు పదును పెట్టాడు. అక్క దుంగ మీద ఎనిమిది గీతలు కొట్టింది. ఎప్పుడో పడగొట్టిన పాత చెట్టు, మనిషి నడుమెత్తు లావు.

రంపం తిరిగింది. నేను చెయ్యి ఎత్తాను. బావ తోశాడు. మొదటి చెక్క గీత మీదే వచ్చింది. రెండోదీ అంతే. మేస్త్రి చెయ్యి దాని అంచు మీద పెట్టి చూసి తల ఊపాడు.

మూడో చెక్క సగం దాకా వచ్చింది. నేను చెయ్యి ఎత్తే ఉంచాను. బావ తోయడం లేదు. తల ఒక పక్కకి వాల్చి నిలబడ్డాడు. తర్వాత తనే పిడికిలి బిగించి పైకెత్తాడు. తోసేవాడు పిడికిలి ఎత్తడం మా మిల్లులో అదే మొదలు.

మీట దించారు. రంపం తిరిగి తిరిగి ఆగింది.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"లోపల ఏదో ఉంది. చప్పుడు మారింది."

"నాకేం వినబడలేదే."

"నాకూ వినబడలేదు," అన్నాడు మామ. రంపం సంగతిలో ఆయన కొడుకు కోసం కూడా అబద్ధం చెప్పడు.

మేస్త్రి నర్సమ్మ వైపు చూశాడు. "ఇదేనమ్మా నే చెప్పేది. చెక్కలో ఏమీ లేదు. ఉన్నదంతా ఇతని భయం." అని నా వైపు తిరిగాడు. "అవతల పక్క ఉన్నది నువ్వు. నీకేమైనా వినబడిందా?"

అందరూ నన్నే చూశారు. అక్క చేతిలో సుద్ద దారం ఉండ చుట్టుకుపోయి ఉంది.

"లేదు," అన్నాను. వెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చాను. "ఎక్కడ బావా?"

"గీత మీదే. ఇక్కడనుంచి నాలుగు వేళ్ళ లోతు."

చెక్కడం మొదలెట్టాను. నాలుగు వేళ్ళ లోతు దిగాక ఏమీ కనబడలేదు. తెల్లటి చెక్క, మంచి చెక్క. మేస్త్రి పార వైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. నర్సమ్మ పుస్తకం మూసే ఉంచింది.

"ఇంకా," అన్నాడు బావ.

ఇంకో రెండు వేళ్ళు దిగాను. చెక్క రంగు మారింది. నల్లటి మచ్చ, తుప్పు నీలం. ఉలి ఠంగుమంది. ఆ చప్పుడు అందరికీ వినబడింది. చుట్టూ తవ్వితే ఇనప మేకు బయటపడింది. బొటనవేలంత లావు, జానెడు పొడవు. ఏ కాలంలో ఎవరు కొట్టారో, చెట్టు దాని మీద పెరిగి కప్పేసుకుంది. ఇంకొక్క తోపు తోసి ఉంటే రంపం నేరుగా దాని మీదికి పోయేది. రంపం పట్టీ తెగితే ముక్కలు లాగేవాడి వైపుకే వస్తాయి.

మామ మేకుని చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూశాడు. రంపం పళ్ళ వైపు చూశాడు. లుంగీ అంచుతో కళ్ళజోడు తుడుచుకున్నాడు. అది తుడిచేంత మురికిగా లేదు.

"భయమైతే అన్ని చోట్లా ఆగేవాడు. ఒక్క చోటే ఆగాడు," అంది నర్సమ్మ మేస్త్రితో. పుస్తకం అందుకుని సంతకం పెట్టింది. కింద తేదీ వేసింది.

మేస్త్రి పుస్తకం చంకలో పెట్టుకున్నాడు. "మిగతా గీతలు కొయ్యండి మరి. చూస్తారేం," అన్నాడు. పోతూ పోతూ పారను తనే తీసుకుపోయాడు.

మూడోది పూర్తిచేసి, మేము మిగతా అయిదు గీతలూ కోశాం. నేను చెయ్యి ఎత్తాను. బావ నా చేతుల వైపు చూసుకుని తోశాడు. చూసుకుని తోయడం తప్పని ఎవరూ అనలేదు. ఇక ముందు కూడా అలాగే చూసుకోమని నేను చెబుదామనుకున్నాను. చెప్పాను కూడా, రంపం ఆగాక.

మధ్యాహ్నం కోసిన చెక్కల మీదే కూర్చున్నాం. నర్సమ్మకు బస్సు మూడింటికి గానీ లేదు, ఆమెను కూడా కూర్చోబెట్టాం. అక్క అన్నం గిన్నె మధ్యలో పెట్టింది. ఉడికించిన గుడ్లు తలా ఒకటి వచ్చాయి, నర్సమ్మకు రెండు వేసింది. ఆమె ఒకటి తీసి మామ పళ్ళెంలో పెట్టింది. మామ దాన్ని కొడుకు పళ్ళెంలోకి జరిపాడు.  ఉప్పు కావలసినవాళ్ళు చెయ్యి చాపారు, పక్కవాళ్ళు అందించారు. బావ గుడ్డు రెండుగా తుంచి, అన్నంలో కలుపుకుని, తల వంచుకుని తిన్నాడు. అది అయిపోయాక గిన్నె తన వైపు లాక్కుని, అడక్కుండానే ఇంకొంచెం పెట్టుకున్నాడు. మేము తింటూ ఉన్నాం.